చెరువు నిండా జిలేబి చేపలే. ఆదివారాలు గాలాలు వేసి తగ్గించగలమా?

పానగల్లు గాలం (నల్గొండ) | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చిన్నప్పటి నుంచి మా ఊరి చెరువులోనూ, ఉదయసముద్రం చుట్టుపక్కల కుంటల్లోనూ గాలం వేస్తున్నాను. నాకిది సరదా. అమ్ముకోవడానికి పట్టను.

ఒకప్పుడు ఎర్ర (వానపాము) గుచ్చి వేస్తే ఏం పడుతుందో ముందే చెప్పలేకపోయేవాళ్లం. జెల్ల పడేది, మట్టగిడస పడేది, గడ్డి అంచున ఓపిగ్గా కూర్చుంటే కొర్రమీను గుంజేది. పరకలైతే బెండును కుదురుగా ఉండనిచ్చేవి కావు. ఇప్పుడు ఎర్ర వేసినా, గోధుమపిండి ముద్ద వేసినా, పల్లిచెక్క కలిపి వేసినా పడేది జిలేబే. తిలాపియా అంటాం కదా, అదే. అది కూడా అరచేతికి మించి పెరగడం లేదు.

నీళ్లు తగ్గాయి కాబట్టి ఇప్పుడు కట్ట మీద నిలబడితే స్పష్టంగా కనిపిస్తోంది. మోకాలి లోతు నీళ్లలో, అంచు పొడవునా గుండ్రటి గుంటలు. ఒక్కో గుంట మీద ఒక్కో మగ చేప కాపలా. ఒళ్లంతా నల్లబడి, రెక్కల అంచులు ఎర్రగా, గడ్డం కింద తెల్లగా ఉంటుంది. పక్క గుంటలోది కాస్త ఇటు జరిగితే చాలు, తరిమి కొడుతుంది. ఆ అంచులోనే ఒకప్పుడు కొర్రమీను పిల్లల గుంపులు తిరిగేవి.

మన గుంపులో గాలం వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆదివారాలు కలిసి వెళ్లి జిలేబినీ, ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌నూ పట్టి తీసేసి, మన చేపలు పడితే వదిలేస్తే చెరువుకు మేలు జరుగుతుందా? ఎవరైనా చేసి చూశారా? తెలిసినవాళ్లు చెప్పండి.

డిండి తమ్ముడు | శనివారం, రాత్రి 9:32

అన్నా, నేను రెడీ. పోటీ పెడదాం. ఎక్కువ జిలేబీలు పట్టినవాళ్లకు ఒక రీలు, రాడ్డు బహుమతి. మా దగ్గర కుర్రాళ్లు ఇరవై మంది దాకా వస్తారు. డిండి ప్రాజెక్టు కింద కుంటల్లో కూడా ఇదే పరిస్థితి.

అలుగు కాడ (మత్స్య సహకార సంఘం సభ్యుడు) | శనివారం, రాత్రి 10:15

ముందు ఒక మాట. చెరువు ఎవరిది? చేపల మీద హక్కు మా సంఘానికి ఉంది. చేప పిల్లలు వదిలేది మేము, కాపలా కాసేది మేము, ఎండాకాలం వల వేసి బతికేదీ మేమే. ఆదివారం వచ్చి కట్ట మీద గాలాలు పరిచేవాళ్లు మమ్మల్ని అడగరు. జిలేబి పట్టడానికి వచ్చామని చెబుతారు, సాయంత్రం సంచిలో చూస్తే బొచ్చెలు, రవ్వలు ఉంటాయి. కొర్రమీను పడితే ఇక చెప్పనక్కర్లేదు, దాన్ని పైకెత్తి ఫోటో దిగి ఇంటికి పట్టుకుపోతారు.

మీరు మంచి మాటే అంటున్నారు, కాదనను. జిలేబి వల్ల నష్టపోయేది అందరికంటే ముందు మేమే. బొచ్చె, రవ్వ తినాల్సిన మేత అది తింటుంది. వల లాగితే బరువు బాగానే వస్తుంది, అమ్మితే డబ్బు రాదు. అయినా సరే, మమ్మల్ని పక్కన పెట్టి మా చెరువును బాగుచేస్తామంటే ఒప్పుకోం.

పానగల్లు గాలం | శనివారం, రాత్రి 10:28

అన్నా, నూటికి నూరు పాళ్లు మీ మాటే కరెక్టు. సంఘం ఒప్పుకోకుండా ఒక్క గాలం కూడా వేయం. ఎలా చేస్తే మీకు ఇబ్బంది ఉండదో మీరే చెప్పండి, అలాగే చేద్దాం.

నీటి బడి (జువాలజీ లెక్చరర్, మహబూబ్‌నగర్) | ఆదివారం, ఉదయం 7:05

మంచి ప్రశ్న. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తిలాపియా మన దేశానికి 1952లో వచ్చింది. ఆఫ్రికా చేప. తక్కువ ఖర్చుతో మాంసం దొరుకుతుందని తెచ్చారు. ఇది పిల్లల్ని పెంచే తీరు తెలియకుండా దీన్ని తగ్గించలేం. మగది గుంట తవ్వుతుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి, వెంటనే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. గుడ్లు పొదిగేదాకా, పిల్లలు ఈదగలిగేదాకా నోట్లోనే మోస్తుంది. పిల్లలు బయటికి వచ్చాక కూడా భయం వేస్తే మళ్లీ తల్లి నోట్లోకి దూరతాయి. కాబట్టి వేరే చేపలు గుడ్లను తినేసే అవకాశం చాలా తక్కువ. పైగా మూడు నెలల వయసుకే, ఇంకా అరచేయంత కూడా కాకముందే గుడ్లకు వస్తుంది. మన బొచ్చె, రవ్వ అలా కాదు. వాటికి వానాకాలం కావాలి, పారే నీరు కావాలి, రెండేళ్ల వయసు కావాలి.

ఇప్పుడు గాలం సంగతి. గుడ్లు నోట్లో ఉన్న తల్లి దాదాపు ఏమీ తినదు. తినని చేప ఎరను పట్టదు. అంటే మన గాలానికి ఎక్కువగా పడేది గుంట కాపలా కాసే మగవి, పిల్లలు లేని ఆడవి, ఇంకా ఎదగనివి. పది మగవాటిలో తొమ్మిది తీసేసినా మిగిలిన ఒక్కటి చాలు, అది చాలా ఆడవాటితో జతకడుతుంది. చెరువులో పిల్లల సంఖ్య తగ్గదు.

ఇంకో చిక్కు ఉంది. పెద్దవి మాత్రమే తీసేస్తే వాటి మేత చిన్నవాటికి మిగులుతుంది. అవి తొందరగా పెరిగి తొందరగా గుడ్లు పెడతాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం కొండల్లో లిటిల్ మూస్ అనే సరస్సు ఉంది. అక్కడికి బయటినుంచి వచ్చిన స్మాల్‌మౌత్ బాస్ అనే చేపను కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2000 నుంచి ఏళ్ల తరబడి పెద్ద ఎత్తున తీసేశారు. చివరికి చూస్తే ఆ చేప పిల్లల సంఖ్య ఇంకా పెరిగింది. అందుకే డిండి తమ్ముడూ, ఎక్కువ పెద్ద చేపలు పట్టినవాళ్లకే బహుమతి అంటే మనకు తెలియకుండానే ఆ దారిలో పోతాం.

ఇదంతా గాలం పనికిరాదని చెప్పడానికి రాయలేదు. గాలం ఒక్కటే సరిపోదు. చెరువులో జిలేబి పిల్లల్ని తినేవి ఉండాలి. అవి కొర్రమీను, వాలుగ, మట్టగిడస. నా దృష్టిలో అసలు పని వాటిని కాపాడటం. ఒక పెద్ద కొర్రమీనును తిరిగి నీళ్లలోకి వదిలితే, అది ఏడాది పొడవునా తినే జిలేబి పిల్లల్ని మనం ఆదివారాలు గాలంతో పట్టలేం.

డిండి తమ్ముడు | ఆదివారం, ఉదయం 7:40

మేడం, ఇది నాకు తెలియదు. అయితే పోటీ ఎలా పెట్టాలి? సైజు లెక్క లేకుండా, ఎన్ని పట్టారన్నది చూస్తే సరిపోతుందా?

నీటి బడి | ఆదివారం, ఉదయం 7:52

సంఖ్య లెక్క పెట్టుకోవచ్చు. చిన్న గాలాలు వాడండి, వేలెడంతవి కూడా పడాలి. బహుమతి డబ్బు మాత్రం వద్దు. చేపకు ఇంత అని డబ్బు కడితే, ఆ చేప చెరువులో ఉండాలని కోరుకునేవాళ్లు తయారవుతారు. వేరే చెరువులో పట్టినవి తెచ్చి ఇక్కడ లెక్క చెప్పేవాళ్లూ ఉంటారు.

రీలు హైదరాబాద్ | ఆదివారం, ఉదయం 9:20

నేను నెలకోసారి నాగార్జునసాగర్ వైపు వస్తాను. మేం క్యాచ్ అండ్ రిలీజ్ చేస్తాం, చేపను చంపం. కప్ప బొమ్మ లాంటి ప్లాస్టిక్ ఎరతో కొర్రమీను పట్టి, ఫోటో తీసి వదిలేస్తాం. మాలాంటివాళ్ల వల్ల నష్టం లేదు కదా? సంఘం అన్న అందరినీ ఒకే గాటన కట్టకూడదు.

అలుగు కాడ | ఆదివారం, ఉదయం 10:45

తమ్ముడూ, ఏ నెలలో పడతావు? దానిమీదే ఉంది అంతా.

వానలు మొదలయ్యాక కొర్రమీను జంట గడ్డి పక్కకు నెట్టి గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి వస్తే ఎర్రగా, గుంపుగా తిరుగుతాయి. నీటి మీద ఎర్రటి మచ్చ కదులుతున్నట్టు కనిపిస్తుంది. వాటి కింద తల్లీతండ్రీ ఉంటాయి. ఆ గుంపు మీదికి ఏది వచ్చినా కొడతాయి, ఆకలితో కాదు, పిల్లల కోసం. మీ ప్లాస్టిక్ కప్పను అక్కడికే విసురుతారు. నేను కళ్లారా చూశాను. పెద్దదాన్ని గుంజి ఒడ్డుకు తెచ్చి, గాలం తీసి, ఫోటోలు తీసి, మళ్లీ వదిలేసరికి పిల్లల గుంపు చెదిరిపోయింది. జిలేబీలు నాలుగు వైపుల నుంచి వచ్చి తినేశాయి. పెద్దది బతికింది, నిజమే. పిల్లలు పోయాయి కదా.

వదిలేశాం కాబట్టి పాపం లేదనుకోవద్దు. ఎర్ర పిల్లల గుంపు కనిపిస్తే గాలం చుట్టేసి వేరే చోటికి పోవాలి.

నీటి బడి | ఆదివారం, ఉదయం 11:10

అన్న చెప్పినది అక్షరాలా నిజం. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. దాని సంతానం నిలిచేది తల్లిదండ్రుల కాపలా వల్లే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొర్రమీనును గాలం వేసి పట్టకపోవడమే మంచిది, వదిలేసే ఉద్దేశం ఉన్నా సరే.

మిగతా నెలల్లో పట్టి వదిలేవాళ్లు చేతులు తడిపి పట్టుకోండి. పొడి చేత్తో పట్టినా, వేడెక్కిన బండ మీద పడేసినా చేప ఒంటి మీద జిగురు పోతుంది, తర్వాత పుండు పడి చస్తుంది. గాలం ముల్లును నొక్కి చదును చేస్తే తేలిగ్గా ఊడుతుంది.

రీలు హైదరాబాద్ | ఆదివారం, ఉదయం 11:25

అన్నా, పిల్లల గుంపు సంగతి నాకు ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా వాట్సాప్ గ్రూపులో మీ మాటలే పెడుతున్నాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొర్రమీను వైపు వెళ్లం.

జూరాల గట్టు (గద్వాల) | ఆదివారం, మధ్యాహ్నం 1:30

మా వైపు ఇంకో చేప బాధ. దెయ్యం చేప అంటున్నారు. ఒళ్లంతా గట్టి పెంకు, నల్ల మచ్చలు, నోరు కింద గుండ్రంగా ఉంటుంది. అక్వేరియం షాపుల్లో గాజు తొట్టి శుభ్రం చేస్తుందని అమ్మేదే ఇది. వలలో చిక్కితే ముళ్లతో వల చింపేస్తుంది. విడిపించడానికి గంట పడుతుంది, చేతులు కోసుకుపోతాయి. ఒడ్డు మీద పడేస్తే గంటల తరబడి చావదు. దీనికి ఏ ఎర వేయాలి?

నీటి బడి | ఆదివారం, మధ్యాహ్నం 2:05

దీనికి గాలంతో పని జరగదు. అది పాచినీ, అడుగు బురదలో ఉన్నవాటినీ గీకి తింటుంది. వేరే చేపల గుడ్లు దొరికితే వాటినీ తినేస్తుంది. ఎరను మింగే అలవాటు దానికి లేదు. అప్పుడప్పుడు పొరపాటున ఒకటి రెండు పడతాయేమో, అంతే. వలకు చిక్కినప్పుడు తిరిగి నీళ్లలో వేయకుండా చంపి గొయ్యి తీసి పూడ్చడం, కట్ట గోడల్లో అది తవ్విన బొరియలు కనిపిస్తే నీరు తగ్గినప్పుడు తీసేయడం, ఇవే ప్రస్తుతం మన చేతిలో ఉన్నవి.

దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం వ్యాపారంలో వచ్చిన చేప ఇది. పెరిగి తొట్టిలో పట్టకపోతే ఎవరో ఒకరు చెరువులో వదిలేస్తారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో చేపలు వదిలిన డీఎన్ఏను వెతికే పద్ధతితో తూర్పు కనుమల్లో పరిశోధన చేశారు. అక్కడి నీటి వనరుల్లో దాదాపు 60 శాతం చోట్ల ఈ చేప ఆనవాళ్లు దొరికాయి. నల్లమల కూడా ఆ కనుమల్లో భాగమే. మీ పిల్లలకు చెప్పండి, తెలిసినవాళ్లకు చెప్పండి. తొట్టిలో చేపను పెంచలేకపోతే షాపుకు తిరిగి ఇచ్చేయాలి. చెరువులో, వాగులో వదలడం దయ కాదు.

సాగర్ ఎడమ కాలువ (మిర్యాలగూడ) | ఆదివారం, సాయంత్రం 4:40

కాలువలో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మాత్రం గాలానికి బ్రహ్మాండంగా పడుతుంది. కోడిపేగు గుచ్చి రాత్రిపూట అడుగున వేస్తే చాలు. అయితే ఒక డౌట్ ఉంది. మన మార్పు చేప కూడా అలాగే ఉంటుంది. మీసాలు అవే, తల అదే, ఒళ్లు అదే. మార్పును చంపేస్తామేమోనని టెన్షన్. ఎలా గుర్తుపట్టాలి?

నీటి బడి | ఆదివారం, సాయంత్రం 5:15

ఈ జాగ్రత్త అందరికీ ఉండాలి. మార్పు పెద్దగా పెరగదు, మూర పొడవు దాటడం అరుదు. ఆఫ్రికాది మీటరు దాటి కూడా పెరుగుతుంది. కాబట్టి రెండు మూడు కిలోల చేప అయితే సందేహం అక్కర్లేదు. చిన్నదైతే తల వెనక భాగం చూడండి. పుర్రె ఎముక వెనక్కి సాగి వీపు మొదట్లో ఆగుతుంది. మార్పుకు ఆ కొస గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. ఆఫ్రికాదానికి కోసుగా, త్రికోణంలా ఉంటుంది. దాని తల మీద చేత్తో రుద్దితే గరుకుగా తగులుతుంది. ఒంటి మీద పాలరాయి మీద ఉన్నట్టు నలుపు, బూడిద రంగు మరకలు చాలావాటికి ఉంటాయి. రెండింటినీ కలిపి పుట్టించిన సంకరాలు కూడా బజారులో ఉన్నాయి కాబట్టి రంగు ఒక్కటే నమ్ముకోవద్దు. ఎంత చూసినా తేలకపోతే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చేపను వదిలేయండి. మార్పు ఇప్పుడు చాలా చోట్ల కరువైపోయింది, ఒకటి పోయినా నష్టమే.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం. అయినా దొంగచాటు చెరువుల్లో కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతున్నారు. గట్టి వాన పడితే ఆ చెరువు పొంగి వాగులోకి, వాగు నుంచి మన చెరువుల్లోకి వచ్చేస్తాయి. ఎక్కడైనా పెంపకం కనిపిస్తే మత్స్యశాఖకు చెప్పండి. కాలువలో ఏడాదంతా గాలం వేసినా, పైన ఒక దొంగ చెరువు పొంగితే మళ్లీ మొదటికే వస్తాం.

అలుగు కాడ | ఆదివారం, సాయంత్రం 6:00

పొంగడం అంటే గుర్తొచ్చింది. మన వైపు చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు అలుగు దూకితే ఆ నీళ్లు కింది చెరువుకే వస్తాయి. ఒక చెరువులో జిలేబి లేకుండా చేసినా, పైదాంట్లో ఉంటే వానాకాలానికి మళ్లీ దిగుతుంది. చేస్తే పైనుంచి కిందికి వరుసగా చేయాలి. చిన్న కుంటల నుంచి మొదలుపెట్టాలి.

ఇంకో మాట. తొలి వరదకు అలుగు దగ్గర చేపలు ఎదురెక్కుతాయి. పరకలు, జెల్లలు, మట్టలు, వాలుగలు అన్నీ గుడ్లతో పైకి ఎక్కుతాయి. ఊరంతా అక్కడే ఉంటుంది, దోమతెరలు, చీరలు, బుట్టలు పట్టుకుని. మా నాయన కాలంలో కూడా పట్టేవాళ్లు, కానీ అప్పుడు చేప ఎక్కువ, జనం తక్కువ. ఇప్పుడు ఆ రెండు రోజుల్లో ఎక్కే చేపనంతా ఊడ్చేస్తే ఆ ఏడు చెరువులో మన చేప పిల్ల ఉండదు. ఖాళీ జాగా జిలేబిది అవుతుంది. మీరు ఆదివారాలు జిలేబి పట్టకపోయినా ఫర్వాలేదు, ఆ రెండు రోజులు అలుగు దగ్గర మాతో నిలబడి జనాన్ని ఆపితే అంతకంటే పెద్ద సాయం లేదు.

పానగల్లు గాలం | ఆదివారం, సాయంత్రం 6:20

నిలబడతాం అన్నా. మా గుంపు మొత్తం వస్తుంది. మీరు ఫోన్ చేయండి చాలు.

కోయిల్‌సాగర్ రైతు | ఆదివారం, రాత్రి 8:10

మేడం గారూ, పరాయి చేప అంటే బంగారు తీగ కూడా పరాయిదే కదా? అది కూడా అడుగు బురద పెళ్లగిస్తుంది, నీళ్లు ఎర్రగా చేస్తుంది. మరి దాన్ని ప్రభుత్వమే ఉచిత చేప పిల్లల్లో ఇస్తోంది. దాన్ని చంపాలా వద్దా?

అలుగు కాడ | ఆదివారం, రాత్రి 8:25

బంగారు తీగ జోలికి రావద్దు. దాని మీద మాకు నాలుగు డబ్బులు వస్తాయి.

నీటి బడి | ఆదివారం, రాత్రి 9:00

రైతన్న అడిగింది న్యాయమైన ప్రశ్న. అవును, బంగారు తీగ, అంటే కామన్ కార్ప్, మన చేప కాదు. 1939లో నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి ఇంకో రకం వచ్చాయి. 2016 నుంచి మన రాష్ట్రంలో ఇస్తున్న ఉచిత పిల్లల్లో బొచ్చె, రవ్వ, మృగాల చేపలతో పాటు అదీ ఉంది. ఆస్ట్రేలియాలో అదే చేప నదులను పాడుచేసింది. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో గాలానికి పడిన కార్ప్‌ను తిరిగి నీళ్లలో వదలడం నేరం.

నా అభిప్రాయం చెబుతాను. సంఘం పిల్లలు వదిలి పెంచుకుంటున్న చెరువులో బంగారు తీగ సంఘం ఆస్తి. దాన్ని ముట్టుకోకూడదు. నల్లమల వాగులు, కృష్ణ పాయలు, ఎవరూ పిల్లలు వదలని కొండ కుంటలు వేరు. అక్కడ అది ఉండకూడదు, వదలకూడదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల గాలం వేయడానికి ఎవరూ వెళ్లవద్దు, అది అడవి చట్టం కింద కేసు అవుతుంది.

కోయిల్‌సాగర్ రైతు | ఆదివారం, రాత్రి 9:20

అర్థమైంది మేడం. నాకైతే చెరువులో కూడా దాని సంఖ్య తగ్గించి బొచ్చె పెంచితే బాగుంటుందని అనిపిస్తుంది. సంఘంవాళ్లు ఆలోచించాలి.

సూర్యాపేట వంటిల్లు | సోమవారం, ఉదయం 6:50

పట్టిన జిలేబీని ఏం చేస్తారు? నేను చూసిన చోటల్లా కట్ట మీద పారేసి పోతున్నారు. కుక్కలు, ఈగలు, వాసన. ఊరివాళ్లు తిట్టరా మరి?

జిలేబి తినే చేపే అండీ. మట్టి వాసన వస్తుందని వద్దంటారు గానీ అది పోగొట్టడం తేలికే. పొలుసు గీకి, కడుపులో ఉండే నల్లటి పొర పూర్తిగా రుద్ది తీసేయాలి, వాసన సగం అక్కడే ఉంటుంది. తర్వాత రాళ్ల ఉప్పు, పసుపు పట్టించి, మజ్జిగలో అరగంట ఉంచి కడగాలి. చిన్నవైతే రెండు పక్కలా సన్నగా గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, కారం, కొంచెం బియ్యపుపిండి పట్టించి పెనం మీద ఎర్రగా వేయించండి, ముళ్లు కూడా కరకరలాడతాయి. పెద్దవైతే చింతపులుసు, మెంతిపొడి వేసి పులుసు. మా ఇంట్లో పిల్లలు కొర్రమీను కంటే ముందు ఇదే అయిపోగొడతారు.

ఒక్క హెచ్చరిక. మూసీ నీళ్లు చేరే కుంటల్లో పట్టినవి తినకండి, ఎవరికీ పెట్టకండి. హైదరాబాద్ మురికి అంతా ఆ నీళ్లలోనే ఉంది. వాటిని పూడ్చేయండి.

డిండి తమ్ముడు | సోమవారం, ఉదయం 7:15

అక్కా, ఈ వంట విధానం కాపీ చేసుకున్నాను. పోటీ అయ్యాక అక్కడే పెనం పెడదాం.

సాగర్ ఎడమ కాలువ | సోమవారం, మధ్యాహ్నం 12:40

ఇంకో విషయం ఎవరూ అనలేదు. కొర్రమీను, వాలుగ కోసం గాలం వేసేవాళ్లు బతికున్న చిన్న చేపను ఎరగా గుచ్చుతారు. ఆ చిన్న చేపలు ఎక్కడివి? దొరికేవి జిలేబి పిల్లలే కాబట్టి అవే. బకెట్‌లో నీళ్లు పోసి, పది ఇరవై పిల్లలు వేసుకుని, బైకు మీద ఇంకో ఊరి చెరువుకు పోతారు. సాయంత్రం మిగిలినవి అక్కడే ఒంపేసి వస్తారు. మా మండలంలో ఇదివరకు జిలేబి లేని కుంటలోకి అది ఇలాగే చేరింది. వరద కాలువ లేదు, పై చెరువు లేదు, మనిషే తెచ్చాడు.

నీటి బడి | సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇది చాలా ముఖ్యం. పరాయి చేపను గాలం వేసేవాళ్లు తగ్గించిన ఉదాహరణలు ప్రపంచంలో ఉన్నాయి, గాలం వేసేవాళ్లే కొత్త చోటికి చేర్చినవి అంతకంటే ఎక్కువే ఉన్నాయి. అమెరికా ఎల్లోస్టోన్ సరస్సులో లేక్ ట్రౌట్ అనే పరాయి చేప 1994లో బయటపడింది. అక్కడి సొంత చేప కట్‌త్రోట్ ట్రౌట్‌ను తినేస్తూ వచ్చింది. ఎలుగుబంట్లు, గద్దలు కూడా ఆ సొంత చేప మీద ఆధారపడేవి. గాలానికి లేక్ ట్రౌట్ పడితే చంపి తీరాలని అక్కడ నిబంధన పెట్టారు. కానీ సంఖ్య నిజంగా తగ్గింది ఏళ్ల తరబడి పడవల మీద వలలు వేసి లక్షల్లో తీసేసిన తర్వాతే. గాలం వేసేవాళ్లది తోడు పని, అసలు బరువు వలది. మన దగ్గర ఆ వల సంఘం చేతిలో ఉంది.

2002లో అమెరికా మేరీలాండ్‌లో ఒక చిన్న కుంటలో మన కొర్రమీను జాతికి దగ్గరి చుట్టం కనిపించింది. ఎవరో బజారులో బతికున్నవి కొని వదిలేశారు. అధికారులు మందు కొట్టి ఆ కుంటలో చేపలన్నింటినీ చంపారు. అదే జాతి తర్వాత పొటోమాక్ నదిలోనూ బయటపడి స్థిరపడింది. ఇక్కడ మనం కాపాడాలనుకుంటున్న కుటుంబం అక్కడ చొరబాటు చేప. ఆ కుంటలో వదిలినవాళ్లు రెండే వదిలారు.

పానగల్లు గాలం | సోమవారం, సాయంత్రం 5:50

అందరి మాటలూ రాసుకున్నాను. నా ఆలోచన ఇది, తప్పుంటే దిద్దండి. మా ఊరి గొలుసులో అన్నింటికంటే పై కుంటతో మొదలుపెడదాం, అది చిన్నది. ఇప్పటి నుంచి తొలకరి దాకా ఆదివారాలు వెళదాం. చిన్న గాలాలు, ఎర్రలు, పిండి ముద్దలు మాత్రమే, గుంటల దగ్గరే వేద్దాం. జిలేబి ఏ సైజులో పడినా తిరిగి నీళ్లలోకి పోకూడదు. కొర్రమీను, వాలుగ, మట్టగిడస, జెల్ల, మార్పు, పరక ఏది పడినా తడి చేత్తో వెంటనే వదిలేయాలి. బొచ్చె, రవ్వ, బంగారు తీగ సంఘానివి, అవీ వదిలేయాలి. తొలి వరద రోజు గాలాలు ఇంట్లో పెట్టి అలుగు దగ్గర నిలబడాలి. జిలేబి కాకుండా ఏమేం పడ్డాయో ఒక పుస్తకంలో రాద్దాం. వచ్చే ఏడు ఇదే నెలలో ఇవే గాలాలు, ఇవే ఎరలు వేసి చూస్తే తేడా తెలుస్తుంది. సంఘం అన్నా, మీరు ఏమంటారు?

నీటి బడి | సోమవారం, సాయంత్రం 6:10

ఒక్కటి కలపండి. ఆడ జిలేబిని ఎత్తగానే నోట్లోంచి పిల్లల్నో, పసుపు రంగు గుడ్లనో కక్కవచ్చు. అందుకే నీటి అంచున విడిపించవద్దు, పడగానే ఒడ్డు మీదికి దూరంగా తెచ్చి గిన్నెలో వేయండి. కక్కినవి నీళ్లలో పడితే బతికే అవకాశం ఉంది. చేపను ఎండలో గిలగిలా కొట్టుకోనివ్వకుండా తల మీద ఒక్క దెబ్బతో చంపండి. పరాయిదైనా ప్రాణమే.

అలుగు కాడ | సోమవారం, రాత్రి 9:40

సంఘంలో మాట్లాడాను. మావాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇంకా వద్దంటున్నారు, మిగతావాళ్లు ఒప్పుకున్నారు. షరతులు ఉన్నాయి. వచ్చేవాళ్ల పేర్లు ముందు రోజే ఇవ్వాలి. మా మనిషి ఒకరు కట్ట మీద ఉంటారు, పోయేటప్పుడు సంచులు చూస్తారు, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. పట్టిన జిలేబిలో తినేవాళ్లు తినేంత తీసుకోండి, మిగతాది మా ఆడవాళ్లు ఎండబెట్టి అమ్ముకుంటారు.

మే నెల చివరికి ఆ కుంటలో నీళ్లు నడుం లోతుకు దిగుతాయి. అప్పుడు మేం సన్న కన్ను వల లాగుతాం. గాలానికి పడని తల్లులు దానికి చిక్కుతాయి. కొర్రమీనును ఏరి డ్రమ్ముల్లో పెట్టి, వల పని అయ్యాక మళ్లీ అదే నీళ్లలో వదలాలి. ఆ రోజు ఏరడానికి చేతులు చాలవు, మీ కుర్రాళ్లు వస్తే మంచిది. తర్వాత వచ్చే చేప పిల్లలను కూడా బుట్టలో పోసి చూసుకుని, జిలేబి పిల్ల కలిసి ఉంటే ఏరేసి వదులుతాం.

డిండి తమ్ముడు | సోమవారం, రాత్రి 9:55

వల రోజుకు పది మందిని నేను తీసుకొస్తాను అన్నా. ఈ ఆదివారానికి ఏమేం తేవాలి?

అలుగు కాడ | సోమవారం, రాత్రి 10:05

గాలాలు తెచ్చుకోండి, నీళ్ల సీసా, టోపీ తెచ్చుకోండి. ఎర్రలు మా పొలం కాలువ పక్కన తవ్వితే కావలసినన్ని ఉన్నాయి. బకెట్లు తెచ్చేవాళ్లు ఖాళీవి తెండి, కట్ట ఎక్కకముందే మావాడు చూస్తాడు.